మూత కోయని పెట్టెలు

ఓదెలు పెట్టె చేసే తీరు కొత్తవాళ్లకు విచిత్రంగానే ఉంటుంది. ముందు ఆరు పక్కలూ జిగురుతో అతికించి, ఎక్కడా సందు లేకుండా మూసేస్తాడు. ఎండాక చిత్రిక పట్టి, అప్పుడు చుట్టూ రంపంతో కోసి మూత విడదీస్తాడు. ఒకే పెట్టె రెండు ముక్కలైందన్నమాట, ఇక ఆ మూత సరిగ్గా కూర్చోక ఎక్కడికి పోతుంది? కోరుట్లలో ఆ పనికి ఆయన పెట్టింది పేరు.

అయితే పోయిన వానాకాలం ఇంటికప్పు మీంచి పడి కుడి మణికట్టు విరిగింది. ఎముక అతుక్కుంది గానీ వణుకు మిగిలింది, మూత కోసే సన్నటి కోతకు చెయ్యి నిలవదు. సిరిసిల్ల సేటు పెళ్లి చీరల కోసం చెప్పిన తొమ్మిది పెట్టెలు నాలుగు రోజులుగా మూసినవి మూసినట్టే వసారాలో పడి ఉన్నాయి. ఎల్లుండి సేటు మనిషి వస్తాడు. గరుకు కాగితం పట్టడం, పాలిష్ వేయడం, మూతకు బందులు బిగించడం అన్నీ భార్య శంకరవ్వ పనులే. "నేను కోస్త" అని రెండుసార్లు అడిగింది కూడా. కానీ ఆ ఇంట్లో ఆడవాళ్లు రంపం పట్టింది లేదు.

"సేటు బేరం పోతే పోనీ. సిరిసిల్లల బట్టలు నేసే సాంచాల కార్ఖానల వాచ్‌మన్ పని ఉందట, పోత" అన్నాడు ఓదెలు. ఉలి, రంపం అమ్మేస్తానని కూడా అన్నాడు మొండిమనిషి. శంకరవ్వకు ఒళ్లు మండిపోయింది.

ఆ మధ్యాహ్నమే పోలీసులు దిగారు. పగలు పోలీసులకూ రాత్రి అన్నలకూ ఊళ్లు జవాబు చెప్పుకునే రోజులవి. సారంగాపూర్ దిక్కున దళం కనబడిందని ఇల్లిల్లూ గాలిస్తున్నారు. ఎస్సై కోస్తా మనిషి. ఓదెలు వసారాలో ఒక పెట్టె ఎత్తి అటూ ఇటూ తిప్పాడు.

"దీనికి మూతేదయ్యా?"

"ఇంక కొయ్యలే సారు" అన్నాడు ఓదెలు.

"మూత కొయ్యడమేంటి? లోపలేం పెట్టి మూశావ్?"

"ఏం లేదు సారు. మేం గిట్లనే చేస్తం."

ఎవరు నమ్ముతారు చెప్పండి? "అయితే కోసి చూపించు" అన్నాడు ఎస్సై. ఓదెలు రంపం తీసి చెక్క మీద ఆనించాడో లేదో, దాని పళ్లు టకటకలాడాయి.

"ఏ తప్పూ చెయ్యకపోతే చెయ్యెందుకు వణుకుతోంది?" ఎస్సై కానిస్టేబుల్ వైపు తిరిగాడు. "అన్నీ పగలగొట్టు. వీణ్ణి జీపెక్కించు."

జీపెక్కినవాళ్లు తిరిగొస్తే ఎట్లా వస్తారో శంకరవ్వకు తెలుసు. కొంగు నడుముకు దోపుకుని, మొగుడి చేతిలోంచి రంపం లాక్కుంది.

"చెయ్యి ఇరిగింది సారు, భయం గాదు. నేను కోస్త. లోపట ఏమన్న దొర్కితే ఇద్దర్ని తీస్కపోండ్రి."

ఓదెలు పక్కకు జరిగాడు.

మూత కోసం ముందే గీసి ఉన్న గీత మీద ఆమె కోయడం మొదలుపెట్టింది. ఇరవై ఏళ్లుగా పక్కన కూర్చుని విన్న చప్పుడది. ఎక్కడ నెమ్మదించాలో చేతికి తెలియకపోయినా చెవికి తెలుసు. ఒక పక్క అయింది. రెండో పక్క అయింది. మూడో పక్కన రంపం గీత తప్పింది.

"గట్టిగ వట్టకు. దాని బరువుకే దాన్ని వోనీ" అన్నాడు ఓదెలు, తనకు తెలియకుండానే.

ఆమె పట్టు వదులు చేసింది. రంపం మళ్లీ గీత మీదికి వచ్చింది. నాలుగో పక్క కోత వెళ్లి మొదటి కోతను కలిసింది, మూత చేతిలోకి ఊడి వచ్చింది.

ఎస్సై లోపల చెయ్యి పెట్టి తడిమాడు. రంపపు పొట్టు అంటుకుంది, అంతే. ఇంకో పెట్టె తనే ఎంచి కోయమన్నాడు. అదీ ఖాళీయే. ఇదెక్కడి పనితనమో అని గొణుక్కుంటూ చెయ్యి దులుపుకుని పక్కింటికి నడిచాడు.

శంకరవ్వ అక్కడే కూలబడి ఏడ్చింది. ఓదెలు ఓదార్చలేదు. మొదటి మూతను పెట్టె మీద పెట్టి, కోత వెంట గోరు నడిపి చూశాడు.

"గీడ జర వంకర వోయింది."

"తెల్సు" అంది ఆమె ముక్కు తుడుచుకుంటూ. "గరుకు కాయితం వడితే వోతది."

ఓదెలు మూడో పెట్టె తెచ్చి ఆమె ముందు పెట్టి, రెండు చేతులూ వేసి ఛాతీతో అదిమి పట్టుకున్నాడు. అట్లా పట్టుకుంటే వణుకు తెలియలేదు.

"ఇంక ఏడున్నయి. నేను వట్టుకుంట, నువ్వు కొయ్యి" అన్నాడు. "తప్పు వోతే చెప్త."