గేటుకు బిగించిన శిలువ

పాలు పితికాక డిగొరీ రోజూ ఆవుల్ని గడ్డిచేలోకి తోలి గేటు మూసేవాడు. ఆ గేటును మోస్తున్నది ఐదువందల ఏళ్ల రాతి శిలువ. అంతకుముందు అది ఇంగ్లండులోని కార్న్‌వాల్ బీడు మీద, చర్చికి పోయే కాలిబాట పక్కన ఉండేది. వసంతంలో డిగొరీ దాన్ని పెళ్లగించి తెచ్చి, బెజ్జాలు తొలిచి, ఇనప బందులు బిగించాడు. చెక్కిన రాయి ఊరికే దొరుకుతుంటే స్తంభం ఎవడు కొంటాడు? అక్కడి రైతులంతా చేసే పనే.

కానీ పొగమంచులో ఎవరైనా దారి తప్పితే ఆ శిలువ లేచి వెళ్లి వెంటబెట్టుకొచ్చేది. దాని గుంట ఖాళీగా కనిపిస్తే, చలిలో ఎవరో వస్తున్నారని ఊళ్లోవాళ్లు పొయ్యి మీద నీళ్లు పెట్టేవాళ్లు.

డిగొరీ శిలువను పెళ్లగించిన రోజే వెన్నమ్ముకునే ముసలి లవ్‌డే అడ్డుపడింది. కొత్త రోడ్డు వేశాక బీడు మీద నడిచేదెవరని డిగొరీ కసిరాడు. బండి ఉన్నవాడి మాట అది. లేనివాళ్లకు అవతలి ఊరికి రోడ్డయితే ఆరు మైళ్లు, బీడయితే రెండు.

నవంబరులో ఒక మధ్యాహ్నం మంచు దిగింది. గాలి లేకుండానే గేటు కొట్టుకోసాగింది. శిలువ గుంజుకుంటోంది. డిగొరీ వంటింట్లో కూర్చుని టీ తాగాడు. గేటు ఊడదీస్తే ఆవులు పక్కవాడి పంట మీద పడతాయనుకున్నాడు. అసలు అడ్డం అది కాదు. ఊడదీస్తే తప్పు ఒప్పుకున్నట్టే. పొద్దు వాలేదాకా కూర్చుని రెండో కప్పు పోసుకున్నాడు.

"వెన్నమ్మడానికి బీడు దాటిన లవ్‌డే ఇంకా తిరిగి రాలేదు," అంది భార్య టామ్సిన్.

"వెళ్లిందని నాకేం తెలుసు?"

"పొద్దున ఆమె పలకరిస్తే మొహం తిప్పుకున్నది నువ్వేగా."

డిగొరీ గడ్డపార తీసుకుని వెళ్లి బందులు పెకలించాడు. గేటు పడి విరిగింది. శిలువ మంచులోకి వెళ్లిపోయింది. ఆవులు గేటు పోయిన సందువైపు కదిలాయి. వేరే దారిలేక డిగొరీ చేతులు రెండూ చాచి అక్కడ నిలబడ్డాడు.

లవ్‌డేను వెతకడానికి బయల్దేరిన జనం అటే వచ్చారు. శిలువ ముందు టోపీ తీయడం వాళ్లకు అలవాటు. అతని ముందూ తీశారు. ఎవరూ నవ్వలేదు. నవ్వి ఉంటే బాగుండుననిపించింది డిగొరీకి.

అంతలో శిలువ తిరిగొచ్చింది. వెనకే లవ్‌డే, నడుం దాకా బురదతో, ఒక కాలు ఈడ్చుకుంటూ. శిలువ ఆగకుండా బీడు మీద తన పాత గుంట వైపు సాగిపోయింది. ఆమె ఆగింది.

"మధ్యాహ్నం దారి తప్పి, సాయంత్రమయ్యేసరికి ఊబిలో పడ్డానురా, నాయనా. ఆ శిలువ గుంజుకోవడం నీకు వినబడలేదేమోలే."

జనమంతా అతని జవాబు కోసం చూస్తున్నారు.

"మొదట్నుంచీ వింటూనే ఉన్నాను, పెద్దమ్మా," అన్నాడు డిగొరీ. చేతులు దించి మొహం కప్పుకోవడానికి లేదు. వెనక ఆవులున్నాయి.