ఓమా ఎంచిన తూటా

మా ఆవిడ ఓమా గురించి ఈ లోయలో నేను చెప్పని మనిషి లేడు. విన్నవాళ్ళకే మళ్ళీ చెబుతాను. విసుగొస్తే లేచి పోవచ్చు, నాకేం పట్టింపు లేదు.

పోయిన చలికాలం మా వాగు వెంట రెండిళ్ళ తలుపులు పగలగొట్టి, ముసలాళ్ళు నొప్పికి వేసుకునే మత్తు మాత్రలు ఎవరో ఎత్తుకుపోయారు. మా ఇంట్లో ఆ మాత్రలు సీసాలకొద్దీ ఉన్నాయి. మా అత్త లూరానీకి తొంభై ఒక్కేళ్ళు. తుంటి విరిగి, వంటింటి పక్క గదిలో రెండేళ్ళుగా మంచంలోనే ఉంది. నేనేమో మంగళ, గురు, శనివారాలు రక్తం శుద్ధి చేయించుకోవడానికి ఆసుపత్రి వ్యానెక్కి టౌనుకు పోవాలి. ఆ మూడు రోజులూ ఇంట్లో తల్లీకూతుళ్ళిద్దరే. షెరీఫ్ పోలీసులు మా లోయకు రావాలంటే నలభై నిమిషాలు పడుతుంది.

నా పెద్ద తుపాకీ, ట్వెల్వ్ బోర్, తీసుకోమన్నాను. ఓమా భుజానికి ఆపరేషన్ అయింది, పేలినప్పుడు అది వెనక్కి తన్నే దెబ్బ తట్టుకోలేదు. గోడ మీదున్న వాళ్ళ నాన్న చిన్న తుపాకీ, ఫోర్‌టెన్, దించింది. చిటికెన వేలు పట్టేంత సన్న గొట్టం, ఒకసారికి ఒకటే తూటా. ఉడతల తుపాకీతో దొంగల్ని కొడతావా అని నవ్వాను.

సరే, తూటాలైనా నేనే తెస్తానని తుపాకీ సామాన్లమ్మే డెంజిల్ కొట్టుకు వెళ్ళి, ఉన్నవాటిలో పెద్దవి ఎంచి తెచ్చాను. మూడంగుళాలవి, లోపల ఒకటే పెద్ద గుండు. పదేళ్ళ వయసు నుంచి తుపాకీ పట్టినవాణ్ణి, ముప్పై ఏళ్ళు బొగ్గు గనిలో పైకప్పుకు బోల్టులు బిగించినవాణ్ణి, నాకు ఒకళ్ళు చెప్పేదేమిటి అన్నది నా ధీమా. ఓమా కళ్ళజోడు పెట్టుకుని గొట్టం మీద చెక్కిన అంకెలు చదివింది. తుపాకీని నా ముందు బల్ల మీద పెట్టింది.

"రెండున్నర అంగుళాలు అని రాసుంది. నువ్వు తెచ్చినవి మూడు."

లోపలికి దూరుతుంది కదా అన్నాను. దూర్చి కూడా చూపించాను.

"దూరుతుందయ్యా. పేలాక దాని మూతి విచ్చుకోవడానికి చోటేదీ? గొట్టం చీలి నా మొహం మీదికొస్తే, ఆ కబురు నీకు టౌనులో చెబుతారు."

నా తల కొట్టేసినట్టయింది. పాత ఫోర్‌టెన్‌లతో మా వాళ్ళు చేసే తప్పే అది, దూరింది కదా అని సరిపోయిందనుకుంటారు. ఇంకొకడు చేసుంటే నేనే నాలుగు చీవాట్లు పెట్టేవాణ్ణి.

మర్నాడు ఆమే కొట్టుకు వెళ్ళింది. పొట్టి తూటాలే మూడు రకాలు తెచ్చింది: ఆవగింజలంత గుళ్ళున్నవి, బఠాణీ గింజలంత గుళ్ళున్నవి, ఒంటి గుండువి. అత్త గది కట్టినప్పుడు మిగిలిన జిప్సమ్ బోర్డులు కొట్టం వెనక్కి మోయించింది. వంటింటి తలుపు నుంచి అత్త గుమ్మం దాకా దారం పట్టి కొలిచి, అంత దూరంలో పాత కేటలాగుల కట్టకు నా చలికోటు తొడిగి నిలబెట్టింది. దాని పక్కన అత్త గది గోడలాగే రెండు బోర్డులు, వాటి వెనక ఒక కాగితం పళ్ళెం. నా కోటే ఎందుకు అంటే, దొంగ చలికాలంలో చొక్కాతో వస్తాడా అంది.

ఆవగింజలు కోటును చింపి పై కాగితాల్లోనే ఆగిపోయాయి. బఠాణీ గింజలు నాలుగూ అరచేతిలో పట్టేంత చోట కట్టలోకి లోతుగా దిగాయి. ఒంటి గుండు కట్టను దాటి ఎటు పోయిందో దొరకలేదు. తరవాత బోర్డుల వైపు తిప్పింది. బఠాణీ గింజలూ, ఒంటి గుండూ బోర్డుల్ని దాటి పళ్ళేనికి చిల్లులు చేశాయి.

ఓమా ఆ పళ్ళెం తీసి చిల్లుల్లో వేలు పెట్టి చూసింది. "మనిషిని ఆపేదేదీ మా అమ్మ గోడ దగ్గర ఆగదు" అంది. "అయితే తూటాతో పాటు నేను నిలబడే చోటు కూడా ఎంచుకోవాలి."

ఆ చోటు నేను ముందే చెప్పి ఉన్నాను. తలుపు పక్క సామాన్ల గదిలో నక్కి, వాడు లోపలికి అడుగుపెట్టగానే కాల్చాలి. ఓమా ఆ గదిలోంచి దారం లాగింది. అది వంటింటి మధ్యగా పోయి అత్త గోడకు, సరిగ్గా ఆమె తలగడ ఉన్న చోట తగిలింది. మంచంలోంచి మా అత్త అంతా వింటోంది.

"అల్లుడికి ఒక తూటాతో రెండు పనులూ అయిపోతాయన్నమాట" అంది.

ఓమా అత్త గుమ్మంలో, తల్లికి వీపు పెట్టి నిలబడింది. అక్కణ్ణుంచి దారం తిన్నగా వంటింటి తలుపు దాటి, ఇంటి వెనక తవ్విన కొండచరియ మట్టిలో ఆగింది. అదే చోటు, బఠాణీ గుళ్ళే తూటా అని తేల్చేసింది. నేను ఒప్పుకున్నాను గానీ ఒక్కదానికి మాత్రం ఒంటికాలి మీద లేచాను. ముఖం చూడనిదే కాల్చనంటుంది. తలుపు తెరుచుకోగానే కాల్చకపోతే చస్తావన్నాను. రెండు రోజులు వాదించాను. ఆమె పట్టిన పట్టు వదల్లేదు.

మా లోయలో ఎవరింటికి వెళ్ళినా గేటు దగ్గరే ఆగి కేకేస్తాం. లోపలివాళ్ళు పలికాకే అడుగు ముందుకు. పసిపిల్లలకు కూడా తెలుసు. ఆ గురువారం ఆసుపత్రిలో నీళ్ళ పైపు పగిలి, మమ్మల్ని మధ్యాహ్నానికే వెనక్కి పంపేశారు. వ్యాను వంతెన దగ్గర దింపింది. వాన పడుతోంది. సొంతింటికి ఎవడైనా కేకేస్తాడా? వెనక నుంచి వచ్చి వంటింటి తలుపు లాగాను. తాళం వేసి ఉంది. తాళంచెవి తిప్పితే వానకు ఉబ్బిన తలుపు కదల్లేదు. భుజంతో ఒక్క తోపు తోశాను.

ఎవరది అని ఓమా మూడుసార్లు అరిచిందట. గనిలో బోల్టుల మిషను ముప్పై ఏళ్ళు తినేసిన చెవులు నావి. ఒక్కటీ వినపడలేదు.

తలుపు తెరుచుకుంది. తల్లి గుమ్మంలో నా భార్య నిలబడి ఉంది. సన్న గొట్టం సరిగ్గా నా రొమ్ముకు గురిపెట్టి ఉంది. కాల్చడానికి సిద్ధంగా తుపాకీ గుర్రం వెనక్కి ఎత్తి ఉంది. వేలు మాత్రం ట్రిగర్ మీద లేదు, పక్కన చెక్క మీద చాపి ఉంది. కళ్ళు నా ముఖం మీదే ఉన్నాయి. నా వెనక కొండచరియ ఉంది. నేను చెప్పినట్టు చేసే మనిషైతే నేనివాళ ఈ కథ చెబుతూ ఉండను.

ఆమె గుర్రాన్ని మెల్లగా దించింది. తుపాకీ గొట్టాన్ని కిందికి మడిచి తూటా తీసి జేబులో వేసుకుంది. అప్పుడు గుమ్మంలోనే కూలబడి ఏడ్చింది. పక్కన కూర్చుని నేనూ ఏడ్చాను, చెప్పుకోవడానికి నాకేం సిగ్గు లేదు.

"ఓమా, అల్లుడేనా?" అని అడిగింది మా అత్త లోపల్నుంచి.

"ఆయనేనమ్మా."

"కేకెయ్యడం నేర్పు."

ఆ చిల్లుల పళ్ళేన్ని మా పెళ్ళి ఫోటో పక్కన మేకు కొట్టి తగిలించాను. డెంజిల్ కొట్లో ఎవరైనా ఫోర్‌టెన్‌కు తూటా అడిగితే, ముందు గొట్టం మీది అంకెలు చదివి, తరవాత మా ఆవిడనడిగి రమ్మంటాడు. ఎనిమిది మంది వచ్చి వెళ్ళారు. ఒక్కొక్కరికీ దారం పట్టుకుని చూపించింది. అవతలి కొస పట్టుకున్నది నేనే.

ఇప్పుడు టౌను నుంచి ఎప్పుడొచ్చినా గేటు దగ్గర ఆగి, లోయంతా వినపడేలా కేకేస్తాను. పక్కింటివాళ్ళు నవ్వుతారు, నవ్వనీ.

"ఓమా, నేనే, హార్లిస్‌ని."

ఆమె పలికినా నాకు వినపడదని తెలుసు. అందుకే వసారాలోకి వచ్చి నిలబడి, టోపీ తీసి ముఖం చూపించమని చేత్తో సైగ చేస్తుంది. తీసి చూపిస్తాను.