బియ్యంలో రాసిన పేరు

అంజమ్మ ఒళ్ళో చాట పెట్టుకుని, ఆకులో చిటికెడు పొగాకు వేసి చుట్టి, మూతి మడిచి దారం బిగించింది. జోడ్‌భావి పేట్‌లోని ఆ ఒంటిగదిలో నలభై ఏళ్ళుగా ఆ చెయ్యి ఆగిందెప్పుడని? మగడు మగ్గం గుంటలో కూర్చున్నచోటే కుప్పకూలిన రోజున కూడా, ఏడుస్తూనే ఆమె వేళ్ళు ఉత్తగాలిలో బీడీలు చుట్టాయని వాడకట్టు ఆడవాళ్ళు ఇప్పటికీ చెప్పుకుంటారు.

ఎదురుగా కోడలు ట్రంకుపెట్టె బోర్లించి కాగితాలు ఏరుతోంది. రేషన్ కార్డు, బీడీ కార్డు, కొడుకు గంగాధర్ భివండీ నుంచి రాసిన ఒకే ఒక్క ఉత్తరం. ఇక్కడ ఇంకో సంసారం పెట్టుకున్నాను, నా కోసం చూడొద్దు అని ఎనభై ఆరులో రాశాడు. మూడేళ్ళు దాటాయి. విడాకులు అడగడానికి ఇంతకంటే వేరే కాగితం ఎందుకని అంజమ్మ అనుకుంది. వకీలు ఇంకో చిక్కు చెప్పాడు.

"రేషన్ కార్డుల గోదావరి అని ఉంది, పెండ్లికి ముందటి బీడీ కార్డుల యశోద అని ఉంది. రెండు పేర్లు ఒక్క మనిషివేనని పెండ్లికి వచ్చినోళ్ళెవరన్న గవాయి చెప్పాలెనంట అత్తమ్మా. ఎవర్నడిగినా కోర్టంటే మాకొద్దంటున్నరు."

పెళ్ళిలో పళ్ళెంలో బియ్యం పోసి, పెళ్ళికొడుకు చేత ఉంగరంతో కోడలి కొత్తపేరు రాయించడం మరాఠీవాళ్ళను చూసి, వలసొచ్చిన ఇక్కడి తెలుగువాళ్ళు పట్టిన ఆచారం. ఆ పేరు చెప్పింది అంజమ్మే. తొమ్మిదేళ్ళకే విషజ్వరంతో పోయిన తన కూతురి పేరు అది. ఇంట్లో మళ్ళీ గోదావరీ అని నోరారా పిలుచుకోవాలన్న ఆశ. పిలిచినప్పుడల్లా ఈ పిల్ల పలికింది. కొడుకు పోయినా ఈమె పోలేదు.

ఇప్పుడు పోవాలి. అత్తగారింట్లోనే ఉంటూ మొగుడు వదిలేశాడంటే ఎదుటి వకీలు ఊరుకోడట. అర్జీలో నీలం నగర్‌లోని అక్క ఇంటి చిరునామా వేయాలి, కాగితాలు తయారైన రోజే అక్కడికి మారాలి. సాక్ష్యం చెప్పే గవాయి దొరక్కపోతే అర్జీ ఆగుతుంది. అర్జీ ఆగితే పిల్ల ఇక్కడే ఉంటుంది. అంజమ్మ మనసు అంతదూరమూ పోయింది. పోయినందుకు సిగ్గుపడింది.

చాట పక్కన పెట్టింది. "నడువు, నేనొస్త."

"నీ కొడుకు మీద కేసు అత్తమ్మా!"

"నాకు తెల్వదా ఏంది? పేరు వెట్టింది నేను. నాకంటె గవాయి ఎవరున్నరే?"

కోర్టు గోడవారన రేకుల నీడలో సాక్ష్యపు కాగితం కొడుతూ టైపిస్టు మరాఠీలో అడిగాడు, ఈమెకు మీరేమవుతారని. అత్తనని చెప్పింది. మిషన్ మీద అతని వేళ్ళు ఆగిపోయాయి. ఒకసారి ఆమె మొహంలోకి చూసి, మళ్ళీ కొట్టడం మొదలుపెట్టాడు.

నోటరీ ముందు వేలిముద్ర సరిగ్గా పడలేదు. పొగాకూ దారమూ కలిసి బొటనవేలి గీతలు ఎప్పుడో అరగదీశాయి. రెండోసారీ నల్లటి మచ్చే. నోటరీ విసుక్కున్నాడు. ఇక పడదులే అని లేచి వచ్చేస్తే అడిగేవాళ్ళు లేరు. కోడలు కూడా ఏమీ అనేది కాదు. అంజమ్మే మళ్ళీ వేలు సిరాకు అద్ది, ఒంట్లోని బలమంతా పెట్టి అదిమింది. ఈసారి పడింది.

సాయంత్రం గుమ్మం ముందుకు రిక్షా వచ్చింది. కోడలు కాళ్ళకు మొక్కింది. గోదా... అని నోటిదాకా వచ్చిన పేరును అంజమ్మ మింగేసింది. ఆ కూతురు ఆమెకు ఇవాళ రెండోసారి చచ్చిపోయింది.

"యశోదా," అంది మొదటిసారిగా. "పైలం బిడ్డా."

యశోద కొంగు నోట్లో కుక్కుకుని రిక్షా ఎక్కింది.

అంజమ్మ లోపలికి వచ్చి చతికిలబడింది. చూపు తగ్గి కత్తెర పట్టడం మానేసి రెండేళ్ళు. ఆకు కోసిచ్చేది కోడలే. రేపు ఎవరిని బతిమాలుకోవాలో తెలియలేదు. చాట కోసం చెయ్యి చాపితే వేళ్ళకు తడి తగిలింది. గోడవారన, తడిగుడ్డ కప్పిన గంపలో, రేపటికి సరిపడా కత్తిరించిన ఆకు ఉంది.