బోరు బండి జాడ

ఆ వానాకాలమంతా ఆదివారం వస్తే చాలు, గూడెం బడి వరండాలో ముగ్గురు కూచుని ఎక్కడా లేని రాజ్యంలో తిరిగేవారు. నాట్లు అయిపోయాయి. కలుపుకు ఇంకా పొద్దుంది. వాన వదలడం లేదు. టేకులపల్లి పోయే ఆటో బురదలో దిగబడి అక్కడే ఉంది. దాన్ని నడిపే శివకు పని లేదు, కుట్టుమిషను ప్రమీలకు గిరాకీ లేదు, బడిలో విద్యా వలంటీరుగా చేసే శ్యామలకు సెలవు.

ఆట తెచ్చింది శ్యామలే. ఖమ్మంలో డిగ్రీ చదివేటప్పుడు హాస్టల్లో నేర్చుకుంది. రోల్ ప్లేయింగ్ గేమ్ అని దాని పేరు చెప్పింది గానీ గూడెంలో అది కథలాట అయిపోయింది. ఒకరు కథ నడపాలి. మిగిలినవాళ్ళు తలా ఒక మనిషిని పుట్టించుకోవాలి. ఆ మనిషికి బలమెంత, ధైర్యమెంత, దేనికి భయం, అన్నీ ముందే అనుకోవాలి. లోకం ఏం చేస్తుందో నడిపేవాళ్ళు చెబుతారు, తన మనిషి ఏం చేస్తాడో ఆడేవాళ్ళు చెబుతారు. ఒకరి హద్దులోకి ఒకరు పోకూడదు. తేలని సంగతి వస్తే పాచిక వేయాలి. ఇరవై ముఖాల పాచిక ఆ అడవిలో ఎక్కడ దొరుకుతుంది? శ్యామల ఇరవై చింతగింజలు ఏరి, వాటి మీద గోళ్ళరంగుతో అంకెలేసి, గుడ్డసంచిలో పోసింది. ఒకసారి ఆటలో అన్న మాట వెనక్కి తీసుకునేది లేదు.

గూడెంలోనే ఉండే పెద్దామె ఎర్రమ్మ అందులోకి వచ్చింది వాన వల్ల. ఆకులతో అల్లిన గిడుగు వానకు కప్పుకుని పోతూ వరండా ఎక్కేసరికి శివ "ఎలుగ్గొడ్డు! ఎలుగ్గొడ్డు!" అని అరుస్తున్నాడు. ఆమె చేతికందిన కట్టె పట్టుకుని వెనక్కి తిరిగింది.

"ఏడరా?"

"కథల, అత్తా."

"కథల ఎలుగ్గొడ్డుకు గంత లొల్లెందుకురా? నీ నోట్ల మన్నుబడ! గుండె జారిపోయింది."

అయినా కూచుంది. వాన వెలిసినా లేవలేదు. మరుసటి ఆదివారం వాన లేకపోయినా వచ్చి, "నాకూ ఒక మనిషిని ఇయ్యి బిడ్డ" అని శ్యామలను అడిగింది.

ఆమె పుట్టించుకున్న మనిషి పేరు పొట్టెమ్మ. చెట్ల మీద తపసి బంక తీసి ఊరూరా అమ్ముకునే ఆడమనిషి. బలం తక్కువ, ధైర్యం ఎక్కువ. దేనికి భయమని శ్యామల అడిగితే ఎర్రమ్మ ఆలోచించి, "దేనికీ లేదు. అన్నీ అయిపోయినయ్" అంది. అక్షరమ్ముక్క రాకపోయినా ఎర్రమ్మ, పొట్టెమ్మ మూటలో ఏమున్నదీ, ఏ ఊళ్ళో ఎవరు ఏమన్నదీ ఒక్కటీ మరిచేది కాదు.

శివ మనిషి సేనాపతి, ప్రమీల మనిషి మంత్రాల వైద్యురాలు. వాళ్ళిద్దరికీ కోటలు కావాలి, యుద్ధాలు కావాలి. పొట్టెమ్మకు మాత్రం ఏ ఊరు చేరినా ఒకటే ప్రశ్న.

"ఇటుదిక్కు బోరు బండి వచ్చిందా? దాంట్ల ఒక పిలగాడు ఉండాలె. పొడుగ్గుంటడు. ఎడమ కనుబొమ్మ మీద గాటుంటది."

మొదటిసారి శివ పక్కున నవ్వాడు. "రాజుల కాలంల బోరు బండి ఏడిదత్తా?"

"రాజులకు నీళ్ళొద్దారా?"

ఆ మాటకు ప్రమీల కూడా నవ్వింది. తర్వాత ఎవరూ నవ్వలేదు. ఆ పిలగాడు ఎవరో అందరికీ తెలుసు.

ఎర్రమ్మ కొడుకు రమణ మూడేళ్ళ కింద బోరు బండి వెంట పరాయి రాష్ట్రానికి పోయాడు. అదే బండిలో పనిచేసిన ముత్యాలు అనే అతను తర్వాత గూడేనికి వచ్చి కబురు చెప్పాడు. గొట్టం జారి రమణ మీద పడిందట. అక్కడే చేను గట్టున పూడ్చారట. ఏ ఊరో తనకు సరిగా తెలియదు, ఆ రోజు తను జ్వరంతో బండిలో పడి ఉన్నాడు. ఎర్రమ్మ అంతా విని ఒక్కటే అడిగింది. "నువ్వు చూసినవా?" అతను తల వంచుకున్నాడు. "చూడనోడివి ఎట్ల చెప్తవు?" అని ఆమె లేచి లోపలికి పోయింది. అప్పటినుంచి ఆ ఇంట్లో ఆ మాట మళ్ళీ రాలేదు.

తప్పు శ్యామల దగ్గరే మొదలైంది. పొట్టెమ్మ అడిగిన మొదటి ఊళ్ళో "అట్లాంటి పిలగాడు వచ్చిండు, కొండదిక్కు పోయిండు" అని ఊరివాళ్ళతో చెప్పించింది. ఆ క్షణాన ఎర్రమ్మ ముఖం చూసింది. ఆ ముఖం మళ్ళీ చూడాలనిపించి, రెండో ఊళ్ళోనూ అదే చెప్పించింది. ఒకచోట చెరువు గట్టున అతను చుట్ట కాల్చిన ఆనవాలు. ఒకచోట అతనికి అన్నం పెట్టిన ముసలమ్మ. ఆదివారం ఆదివారం జాడ పెరుగుతూ పోయింది.

ఆ శ్రావణంలో ఎర్రమ్మ భర్త జంపయ్య బడి దగ్గరికి వచ్చాడు. పిల్లలు ఇళ్ళకు పోయేదాకా చింతచెట్టు కింద ఆగి, దగ్గు తగ్గాక నోరు విప్పాడు.

"బిడ్డా, మీ పెద్దమ్మ ఇంటికొచ్చి, మనోడు కొండ దాటిండు అంటది. నవ్వుకుంట చెప్తది. ఏందీ ఆట?"

శ్యామల చేతికంటిన సుద్దపొడి దులుపుకుంది.

"వాడు పోయిండు. నాకెర్క, నీకెర్క. వాని పేర రాయి నిలపాలె. నిలపకుంటే పెద్దలల్ల కలవడు, ఆకలితోని తిరుగుతడు. ఆమె ఒప్పుకోనిది ఎట్ల నిలపాలె? నా పానం చూస్తున్నవు గద. నేను పోయినంక వాణ్ణి పెద్దలల్ల కలిపేటోళ్ళు ఎవరు?"

గూడెం బయట ఇప్పచెట్ల కింద పెద్దల రాళ్ళు వరసగా ఉంటాయి. తండ్రులు, తాతలు, వాళ్ళ తాతలు. జంపయ్య అటే చూస్తున్నాడు.

"కథ నడిపేది నువ్వంట గద. దాంట్ల నువ్వే చెప్పు బిడ్డా, పోయిండని. మేం చెప్తే వినదు. ఆడ వింటది."

"ఆటల గట్ల చెప్తే మోసం గద పెద్దనాయనా?"

"మరి ఇప్పుడు చెప్తున్నదేంది?"

ఆ మాట అని అతను కర్ర ఊతంగా వెళ్ళిపోయాడు.

తర్వాతి ఆదివారం నలుగురూ కూచున్నారు. శ్యామల కథను కొండ దాటించింది. అవతల ఎండిన నేల. చేను మధ్య కొత్త బావి, నిండా నీళ్ళు. చేను గట్టున గడ్డి మొలిచిన మన్ను దిబ్బ. రైతు వచ్చాడు.

"నీళ్ళకోసం ఇనుప గొట్టాలు దింపేటోళ్ళు వచ్చిన్రు" అని శ్యామల రైతు గొంతుతో చెప్పింది. ఆ గొంతు తనకే కొత్తగా ఉంది. "ఒక పోరడు గొట్టం కింద పడ్డడు. ఈడనే పూడ్చినం. పేరు తెల్వదు."

శివ ఏదో జోకు వేయబోయి శ్యామల ముఖం చూసి ఆగిపోయాడు.

ఎర్రమ్మ నెమ్మదిగా అడిగింది. "కనుబొమ్మ మీద గాటున్నదా?"

అది లోకం చెప్పాల్సిన జవాబు. శ్యామలే చెప్పాలి. ఉందని చెప్పడానికే వారమంతా సిద్ధమైంది. తీరా ఇప్పుడు ఆ మాట అనకుండా సంచి ముందుకు జరిపింది.

"గింజ తియ్యి పెద్దమ్మ. పది దాటితే రైతుకు ఆ గాటు గుర్తున్నట్టు."

ఎర్రమ్మ సంచిలో చెయ్యి పెట్టింది. లోపల గింజలు కదిలిన చప్పుడు. చాలాసేపు చెయ్యి అక్కడే ఉంది. తర్వాత ఉత్త చెయ్యి బయటికి తీసింది.

"నేను తియ్య."

"తియ్యకుంటే ఎవరో తెల్వదు అత్తా" అంది ప్రమీల.

"తెల్వకపోనీ." ఎర్రమ్మ ఎవరినీ చూడడం లేదు. "నా పొట్టెమ్మ ఆ దిబ్బకాడ కూసున్నది. ఎవరి బిడ్డయితే ఏంది? వాళ్ళమ్మకు ఈ జాగ తెల్వదు. తెలిస్తే రాకపోవునా? నేనైతే వచ్చిన." తర్వాత శ్యామలను అడిగింది. "ఆ బాయిల నీళ్ళు ఎట్లున్నయ్ బిడ్డా?"

"తియ్యగున్నయ్ పెద్దమ్మ."

"పొట్టెమ్మ నీళ్ళు చేదింది. దిబ్బ మీద పోసింది." ఇంతలో గొంతు మారింది. అది పొట్టెమ్మ గొంతో, ఎర్రమ్మ గొంతో అక్కడున్న ముగ్గురికీ తేలలేదు. "పరాయోళ్ళకు నీళ్ళు తెచ్చిపెట్టినవ్ అయ్యా. నువ్వు తాగినవో లేదో. తాగు."

ప్రమీల కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"ఇంగ రాయి పెట్టాలె" అంది ఎర్రమ్మ. "పొట్టెమ్మకు బలం తక్కువ. పెద్ద రాయి లేపలేదు."

శివ ముందుకు జరిగాడు. "నా సేనాపతి మోస్తడు అత్తా."

"గింజ తియ్యొద్దా?"

"వద్దు. మోస్తడు."

రాయి నిలిచింది. పక్కన వైద్యురాలు దీపం పెట్టింది. శ్యామల రైతు చేత తలపాగా తీయించింది. అంతకు మించి లోకం చేత ఏం చేయించాలో ఆమెకు తోచలేదు. ఎర్రమ్మ లేచి, చీర దులుపుకుని, గిడుగు తీసుకుని వెళ్ళిపోయింది. ఆట అయిపోయిందని ఎవరూ అనలేదు.

ఆ వారంలోనే జంపయ్య నలుగురు మొగవాళ్ళను తీసుకుని వాగులోంచి రాయి తెప్పించాడు. తీసుకురమ్మని చెప్పింది ఎర్రమ్మేనట. రాయిని ఆమే కడిగింది, పసుపు పూసింది, ముందు అన్నం పెట్టింది. గూడెం ఆడవాళ్ళు ఏడుస్తుంటే ఆమె మాత్రం రాయి నిటారుగా ఉందో లేదో చూస్తూ, అటు జరపండి, ఇటు జరపండి అని చెబుతూ ఉంది. అంతా అయ్యాక జంపయ్య శ్యామల దగ్గరికి వచ్చి తల మీద చెయ్యి పెట్టాడు. "మంచి పని జేసినవ్ బిడ్డా" అన్నాడు. అతను ఆ పూట కడుపునిండా తిన్నాడని తర్వాత ఎవరో చెప్పారు. శ్యామల మాత్రం కంచం ముందునుంచి లేచిపోయింది.

ఆదివారం వచ్చింది. వరండాలో ముగ్గురూ సంచి ముందు పెట్టుకుని కూచున్నారు. కథ ఎక్కడినుంచి ఎత్తుకోవాలో తెలియక శివ పుల్లతో నేల మీద గీతలు గీస్తున్నాడు. ఎర్రమ్మ కూరకు లేత వెదురు కొమ్ములు విరవడానికి పోతూ బుట్ట చంకన పెట్టుకుని దారిన కనిపించింది.

"అత్తా, రా! సేనాపతికి నువ్వు లేకుంటే తోస్తలే."

"సేనాపతికి పెండ్లి చెయ్యిన్రి, తోస్తది" అంది ఆమె. ఆగింది గానీ వరండా ఎక్కలేదు. "మీరాడుకోన్రి బిడ్డా."

శ్యామల మెట్ల దాకా వచ్చింది. "మరి పొట్టెమ్మ?"

ఎర్రమ్మ ఆమె వంక చూసింది. ఆ చూపులో కోపం లేదు, నిష్ఠూరం లేదు. నిజంగానే తెలియక అడిగినట్టు అడిగింది.

"పొట్టెమ్మ ఇంగ ఏడికి పోతది బిడ్డా?"

ప్రతి ఊళ్ళో ఆ ప్రశ్నకు శ్యామల దగ్గర ఒక జవాబు ఉండేది. కొండ ఉండేది, చెరువు ఉండేది, అన్నం పెట్టిన ముసలమ్మ ఉండేది. ఇప్పుడు కథలో ఆ రాయి దాటి దారి లేదు. ఎర్రమ్మ బుట్ట నెత్తికెత్తుకుని అడవి దారి పట్టింది.