పూనకం రాని యేడు

“కొంచెం ఊగితే నీ సొమ్మేం పోతదే?” అన్నాడు బాలనర్సింహ పెళ్లాంతో.

చంద్రమ్మ బోనం కుండకు సున్నం పూసి బొట్లు పెడుతోంది. సాయంత్రం ఛత్రినాకలో బోనాలు. “ఊకెనే ఊగుతరా? ఒంటిమీదికి అమ్మ రావాలె గద,” అంది తలెత్తకుండా.

“బస్తీ బస్తీ నీకోసమే చూస్తది. ఈయేడు రాకపోతే మన ఇజ్జత్ పోతది, సమజైందా?”

ఇజ్జతట! చంద్రమ్మకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. కాపురానికొచ్చిన నాటినుంచి ఏటా బోనమెత్తుకుని గుడి మెట్లెక్కేసరికి ఆమెకు రొప్పు వచ్చేది. గుండె దడదడలాడేది, కళ్లు తేలిపోయేవి. “అమ్మ వచ్చింది!” అని డప్పుల వాళ్లు జోరు పెంచేవాళ్లు. అత్త కొమురమ్మ ఆమె కాళ్లమీద పసుపు, వేపాకు కలిపిన సాక నీళ్లు పోసి మొక్కేది. మొగుడు సాగిలపడేవాడు. తెల్లారి అదే రొప్పుతో అంట్లముందు కూలబడితే మాత్రం, “పని జెయ్యనీకె ఒళ్లు బరువైందా?” అని ఆ అత్తే దులిపేసేది. రొప్పు ఒక్కటే. పండగపూట దేవత, తక్కిన రోజుల్లో ఒళ్లొంగని కోడలు.

మొన్న చలికాలంలో బోరింగు దగ్గర బిందెతో సహా పడిపోయింది. అది ఆషాఢం కాదాయె, అమ్మవారి మీదికి నెట్టే వీల్లేక పెద్దాసుపత్రికి తీసుకుపోయారు. చిన్నప్పటి కీళ్లజ్వరం వల్ల గుండెలో ఒక తలుపు బిగుసుకుపోయిందని, అందుకే ఊపిరాడడం లేదని డాక్టరమ్మ చెప్పింది. కొత్తగా వచ్చిన వైద్యమట. ఛాతీ కోయకుండా తొడ దగ్గరి నరంలోంచి సన్నని గొట్టం గుండెదాకా పంపి, దాని కొసన ఉన్న బెలూన్‌ను ఉబ్బించి ఆ తలుపు తెరిచారు. అంతసేపూ చంద్రమ్మ మెలకువగానే ఉండి, దేవుళ్లందరికీ మొక్కుకుంది. “ఇప్పుడు ఊపిరి పీల్చు,” అంది డాక్టరమ్మ. పీల్చింది. అబ్బ, ఎంత పీలిస్తే అంత లోపలికి పోయింది! కాలు మడవొద్దు, మంచం దిగొద్దు అన్నారు. పెళ్లయ్యాక ఎవరూ కేకేసి లేపని నిద్ర ఆమె అక్కడే పోయింది.

ఇంటికొచ్చాక, “గుండె బాగైంది గద, ఇంకేంది?” అని అత్త ఇంట్లో ఉన్న బొంతలన్నీ ఉతకడానికి ముందర పడేసింది. ఊపిరైతే దక్కింది గానీ, ఏడాదికొక్క పూట దొరికే ఆ మర్యాద ఇక ఉండదా? ఈ రంధితో నాలుగు దినాలుగా చంద్రమ్మకు తిండి సయించడం లేదు. ఉత్తుత్తిగా ఊగితే ఎవరికి తెలుస్తుంది? ఊగకపోతే వచ్చే ఏటిదాకా, ఆపై చచ్చేదాకా, ఒట్టి కోడలే. ఆ ఒక్క పూటకోసం జబ్బే నయమనిపించిన క్షణాలు కూడా ఉన్నాయి. అలా అనిపించినందుకు తనమీద తనకే ఒళ్లు మండింది.

సాయంత్రం బోనమెత్తుకుని గుడి మెట్లన్నీ ఎక్కింది. రొప్పు లేదు. డప్పులు చెవులదాకా వచ్చాయి. వేపమండలు పట్టుకున్న ఆడవాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. “గుండెలకు రబ్బరు తోలిన్రంట. అమ్మ అలిగి పోయింది,” అని ఎవరో గొణిగారు. కొమురమ్మ మొహం మాడిపోయింది. “ఊగే!” అన్నాడు మొగుడు పళ్లు బిగించి.

చంద్రమ్మ కళ్లు మూసుకుంది. ఒక్కసారి, ఒకే ఒక్కసారి అటూ ఇటూ ఊగింది.

అంతే! “అమ్మ వచ్చింది!” అని జనం కేకలేశారు. కాళ్లమీద చల్లగా సాక పడింది. బాలనర్సింహ దబ్బున పాదాలమీద పడ్డాడు. కొమురమ్మ చేతులు జోడించి, “తల్లీ, ఏం తక్కువ జేసినమమ్మా? నీకేం గావాలెనో నోరు దెరిచి చెప్పు తల్లీ!” అని ఏడ్చేసింది.

ఏటా అడిగే ప్రశ్నే అది. ఏటా జవాబు చెప్పేందుకు చంద్రమ్మ దగ్గర ఊపిరి ఉండేది కాదు. ఆమెకు సిగ్గేసింది, వెంటనే కోపమొచ్చింది. బోనం కదలకుండా రెండు చేతులతో పట్టుకుని కళ్లు తెరిచింది. డప్పులు ఆగాయి.

“అమ్మ రాలేదత్తా. నేనే ఉన్న, చంద్రమ్మను,” అంది అందరికీ వినిపించేలా. “గా మాట నన్నడుగు.”