కల్నలమ్మ వెంట వచ్చిన వంతెన

ఆ రోజు కూడా కల్నలమ్మ ఐదింటికే లేచి బూట్లకు పాలిష్ పెట్టుకుంది.

"ఆఖరి రోజు కదా, కాస్త నిదానంగా వెళ్ళకూడదూ?" అన్నాడు భర్త, మిషను మీద ఎవరిదో చొక్కా కుడుతూ. ఆయన టైలరు. పెళ్ళానికి ఎక్కడికి బదిలీ అయితే అక్కడికి కుట్టుమిషను మోసుకుంటూ వెళ్ళిన మనిషి.

"సాయంత్రం ఐదు దాకా నేను ఇంజినీరునే కదండీ," అని టోపీ సర్దుకుని బయల్దేరింది.

సైనిక డిపోలో ఆమె రోజు మొదలయ్యేది ఒకే పనితో. చిన్న సుత్తి పట్టుకుని, యార్డులో వరసగా పెట్టిన ఇనుప వంతెనలను తట్టుకుంటూ నడిచేది. వంతెన ముక్కల్ని కలిపి పట్టే పిన్ను బిగువుగా ఉంటే ఖంగుమంటుంది, వదులైతే టప్పుమంటుంది. వరస చివర ముప్ఫై మీటర్ల ముసలి వంతెన ఒకటి ఉంది. ఇరవైమూడేళ్ళ వయసులో, ఉప్పొంగుతున్న ఏటి మీద ఆమె మొట్టమొదట వేసింది దాన్నే. ఆ తర్వాత ఎన్ని వరదల్లో విప్పి బిగించారో ఎవరికీ గుర్తు లేదు. ఇవాళ దాని నడుము మీద ఎర్రరంగుతో ఇంత పెద్ద ఇంటూ గుర్తు!

"ఎవరు వేశారిది?"

"నేనే మేడమ్," అన్నాడు కళ్ళజోడు కెప్టెన్. ఆరేళ్ళుగా ఆమె దగ్గరే పని నేర్చుకున్నవాడు. "వయసు దాటిపోయింది. కమిటీ తుక్కు కింద రాసేసింది. సోమవారం కట్టర్లతో కోసేస్తాం."

"ఒక్కసారి తట్టి చూశావా?"

"పత్రంలో ఆ గడి లేదు మేడమ్. తయారైన సంవత్సరం ఒక్కటే అడిగారు."

"నాకూ అదే పత్రం పెట్టినట్టున్నారు," అంది కల్నలమ్మ.

మధ్యాహ్నం వీడ్కోలు సభ. పెద్ద అధికారి లేచి, "ఇంతకాలం దేశానికి సేవ చేసి అలిసిపోయారు, ఇక హాయిగా విశ్రాంతి తీసుకోండి," అన్నాడు. అందరూ చప్పట్లు కొట్టారు. ఆమె వంతు రాగానే లేచి, "అలిసిపోయానని నేను ఎవరితో అన్నాను?" అని అడిగి కూర్చుంది. అదే ఆమె ప్రసంగం. చప్పట్లు కొట్టాలో వద్దో ఎవరికీ తెలియలేదు.

ఐదింటికి గుర్తింపు కార్డు అప్పగించి నడుచుకుంటూ ఇంటికి బయల్దేరింది. ఐదూ నలభైకి ముసలి వంతెన కూడా యార్డులోంచి లేచింది. గేటు దగ్గర కాపలావాడు రిజిస్టరు తీసి, "వంతెన ఒకటి, బయటికి" అని రాసి గేటు తెరిచాడు. అది ఈడ్చుకుంటూ, కీచుమంటూ బజారు దాటి, ఎర్రదీపం దగ్గర ఆగి, పచ్చదీపం పడ్డాక కదిలి, కల్నలమ్మ ఇంటి సందులోకి తిరిగి గోడ వారగా పడుకుంది.

టైలరు గుమ్మంలోకి వచ్చి చూశాడు. "ఏమోయ్, నీకోసం వచ్చారు."

ఎదురింటి పిన్నిగారికి ఒళ్ళు మండింది. "అమ్మాయ్, మా గేటుకి అడ్డంగా పెట్టావు. స్కూటర్ ఎలా తియ్యను?"

కల్నలమ్మ వెళ్ళి సుత్తితో రెండు తట్లు తట్టింది. వంతెన మూడడుగులు వెనక్కి జరిగింది. పిన్నిగారు శాంతించి, మర్నాడు పొద్దున్నే దాని కమ్మీల మీద దుప్పట్లు ఆరేసింది.

ఆ శనివారమంతా కల్నలమ్మ పాత చీర చెంగు బిగించి ఒక్కొక్క పిన్నూ పీకి, తుప్పు గీకి, గ్రీజు పూసింది. రెండు పిన్నులు టప్పుమన్నాయి. వాటిని మార్చింది. సాయంత్రం కళ్ళజోడు కెప్టెన్ కాగితం పట్టుకుని వచ్చాడు.

"మేడమ్, ఇది సర్కారు సొత్తు. దయచేసి పంపించెయ్యండి."

"నేను పిలవలేదు, నేను పంపను. కోస్తానంటే నన్ను దాటుకుని కొయ్యి."

"మీరలా అంటే నా ఉద్యోగం ఊడుతుంది మేడమ్."

"ఇన్నేళ్ళు నీకు నేర్పింది ఉద్యోగం ఊడకుండా చూసుకోవడమేనట్రా?"

అతను తల దించుకుని వెళ్ళిపోయాడు. కానీ సోమవారం కట్టర్లు రాక తప్పదని ఇద్దరికీ తెలుసు.

ఆదివారం పగలంతా కుండపోత. సోమవారం తెల్లారేసరికి సందు ఖాళీ. బురదలో రెండు లోతైన గాళ్ళు మాత్రం ఊరి బయటికి దారి తీశాయి. కల్నలమ్మ ఆ గాళ్ళ వెంటే పరుగులాంటి నడకతో వెళ్ళింది. వెనకాల గొడుగు పట్టుకుని టైలరు.

ఊరవతల నిటారు గట్ల లోతైన వాగు ఉంది. వాగుకు అటువైపు రాళ్ళ క్వారీ, కూలీల ఇళ్ళు. అక్కడ వంతెన కావాలని పదకొండేళ్ళ కిందట కల్నలమ్మే రాసి పంపితే, అక్కడ అంత జనం లేరని తిప్పి పంపారు. ఇప్పుడు ముసలి వంతెన ఇవతలి గట్టు మీద, ముక్కు వాగు వైపు చాచి నిలబడి ఉంది. ఎంత నడిచే వంతెనైనా గాల్లో అడుగు వెయ్యలేదు కదా. కింద రోలర్లు పెట్టి, వెనక నుంచి మనుషులు తొయ్యాలి.

అవతలి గట్టు మీద ఒక ట్రాక్టరు. ట్రాలీలో ఒక మనిషి పడుకుని ఉన్నాడు. బండ పడి తొడ నలిగింది. క్వారీ నర్సు రెండు చేతులతో ఆ తొడను నొక్కి పట్టుకుని ఉంది. "గంటయింది!" అని అరిచింది. "చెయ్యి తీస్తే రక్తం ఆగదు! మోసుకుని ఈ గట్లు దిగితే పట్టు జారుతుంది! చుట్టుదారి కొట్టుకుపోయింది!"

సరిగ్గా అప్పుడే, ఆ గాళ్ళు పట్టుకునే, కళ్ళజోడు కెప్టెన్ లారీ వచ్చి ఆగింది. అందులో పన్నెండు మంది సైనికులు, కట్టర్లు, ముక్కలు దొర్లించుకుపోవడానికి తెచ్చిన రోలర్లు.

"కట్టర్లు అలా ఉంచి రోలర్లు దించండి!" అంది కల్నలమ్మ.

సైనికులు కెప్టెన్ మొహం చూశారు. అతను చేతిలో కాగితం చూపించాడు. "మేడమ్, మీరిప్పుడు ఆర్డర్ ఇవ్వకూడదు. పత్రం ప్రకారం ఇది మొయ్యగల బరువు సున్నా. అది విరిగితే..."

"నేను ఇవ్వకూడదు. అందుకే నువ్వివ్వు. విరుగుతుందో లేదో నేను చెబుతాను."

కెప్టెన్ వాగు వైపు చూశాడు, నర్సు చేతుల వైపు చూశాడు. కళ్ళజోడు తీసి జేబులో పెట్టుకున్నాడు. "దించండి రోలర్లు!"

నలభై నిమిషాలు పట్టింది. ఇవతల పన్నెండు మందీ, టైలరూ భుజాలు ఆనించి తోశారు. అవతల కూలీలు బండలు పేర్చి గునపాలతో ముక్కును అందుకున్నారు. వంతెన ఒళ్ళు బిగబట్టుకుని, కీచుమనకుండా, అంగుళం అంగుళం పాకింది. చివరికి అవతలి బండల మీద ఆనింది.

కల్నలమ్మ అప్పుడు గట్టు దిగి, మొలలోతు నీళ్ళలో సరిగ్గా వంతెన నడుము కింద నిలబడింది. వంతెన వేసినవాళ్ళు మొదటి బండి దాటేటప్పుడు దాని కిందే ఉండాలి. ఆమె వృత్తిలో పాత పట్టింపు అది.

"మేడమ్, బయటికి రండి!"

"ట్రాక్టర్ని రమ్మను!"

కెప్టెన్ చెయ్యి ఊపి డ్రైవర్ని పిలిచాడు. తర్వాత తనూ దిగి, నీళ్ళు తోసుకుంటూ వచ్చి ఆమె పక్కన నిలబడ్డాడు. ట్రాక్టరు ఎక్కగానే తల మీద వంతెన చెక్కలు దడదడలాడాయి. ఇద్దరి మొహాల మీదా బురద కారింది. ఆమె తలెత్తి చెవి పెట్టి వింటోంది. ఒక్క పిన్ను కూడా టప్పుమనలేదు.

ఇంకో పావుగంట ఆలస్యమైతే మనిషి దక్కేవాడు కాదన్నాడు డాక్టరు. నర్సు వేళ్ళు విప్పడానికి ఇద్దరు పట్టాల్సి వచ్చింది.

వంతెన ఆ తర్వాత మళ్ళీ కదల్లేదు.

మూడు నెలలకు పెద్దాఫీసు నుంచి ఉత్తరం వచ్చింది. తుక్కు కింద రాసిన వస్తువును అనుమతి లేకుండా వాడినందుకు ఇద్దరూ సంజాయిషీ ఇవ్వాలట. కల్నలమ్మ వంతెన చెక్క మీదే కూర్చుని, ఉత్తరం వెనక, "ఇప్పుడూ వాడుతున్నాం. వచ్చి మీద నడిచి చూడండి" అని రాసి సంతకం చేసింది. దాని కింద కళ్ళజోడు కెప్టెన్ కూడా చేశాడు.

"పోస్టు చెయ్యాలి," అంది ఆమె.

"ఇటివ్వండమ్మా, నేనూ అటే వెళుతున్నా," అని క్వారీ మనిషి ఆ ఉత్తరం అందుకుని చొక్కా జేబులో పెట్టుకున్నాడు. చంకకర్ర టకటకలాడించుకుంటూ, సాయం పట్టబోయిన వాళ్ళని కసురుకుంటూ, వంతెన దాటి ఊళ్ళోకి వెళ్ళాడు.