ఫిర్యాదు లేని వీధి

ఏడాదికోసారి మున్సిపాలిటీ తన పనితీరును తానే సమీక్షించుకుని, తన భుజం తానే తట్టుకుంటుంది. ఆ సంబరానికి కావలసిన లెక్కలన్నీ తయారుచేసే చాకిరీ మాత్రం ఫిర్యాదుల విభాగం గుమస్తాది. రోడ్లు, దీపాలు, చెత్త, నీళ్ళు అంటూ వీధులవారీగా పట్టికలు కట్టేసరికి ఆయనకు ప్రతి ఏడూ తల ప్రాణం తోకకొస్తుంది. కళ్ళు మండుతాయి, మెడ పట్టేస్తుంది, ఇంట్లో ఎవరు పలకరించినా విసుగేస్తుంది.

ఈసారి కొత్తగా ఒక నిబంధన పెట్టారు. నీళ్ళ గురించి ఎక్కువ ఫిర్యాదులొచ్చిన వీధులకే కొత్త పైపులు వేస్తారు. ఫిర్యాదే లేని వీధులను బాగున్నవాటి కింద రాసేసి, మళ్ళీ కొన్నేళ్ళదాకా అటు తొంగి చూడరు. పెద్దసారు ఈ ముక్క చెప్పి చక్కా పోయారు. మర్నాడే సమీక్ష. గుమస్తా పట్టికను ఆఖరిసారి చూసుకుంటుంటే, బాగున్న వీధుల్లో మొట్టమొదటిది తను కాపురముంటున్న వీధే. ఒక్కటంటే ఒక్క ఫిర్యాదు లేదు.

ఆయనకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఆ వీధిలో కుళాయి తిప్పితే గాలి తప్ప ఇంకేమీ రాదు. ఎవరైనా సరే మలుపు దగ్గరున్న పంపు నుంచి క్యాన్లతో మోసుకోవలసిందే. మోసీ మోసీ ఆయన భార్య నడుము ఈమధ్య వంగితే లేవడం లేదు. బరువులెత్తొద్దని డాక్టరు చెప్పాడు. చెప్పడానికేం, ఎన్నయినా చెబుతాడు. నీళ్ళు ఆయనొచ్చి మోస్తాడా? ఈ ఏడు పైపు పడకపోతే ఆవిడ మంచం పట్టడం ఖాయమని గుమస్తా భయం. పోనీ తనే ఒక ఫిర్యాదు రాసుకుందామంటే, సిబ్బంది ఇళ్ళ ఫిర్యాదులు లెక్కలోకి రావు.

మధ్యాహ్నం భోజనానికని కాళ్ళీడ్చుకుంటూ బయల్దేరి, తన ఇంటికంటే ముందు పక్కింటి గుమ్మం ఎక్కాడు. ఆ ఇంటావిడ దర్జీ పని చేస్తుంది. వయసులో పెద్దది, అందరూ అక్క అంటారు. ఆవిడ ఊ అంటే వీధంతా ఊ అంటుంది. నీళ్ళు లేవని ఇన్నాళ్ళూ ఎవరూ ఎందుకు రాసివ్వలేదని గుమస్తా అడిగాడు. ఆవిడ సూదిలోకి దారం ఎక్కిస్తూ, తలెత్తకుండానే జవాబిచ్చింది.

"నీకు మాటొస్తుందని తమ్ముడూ. సాయంత్రం నువ్వొచ్చేటప్పుడు నీ మొహం చూస్తుంటాంగా. ఊరంతా తిట్టి పంపిన మనిషిని మళ్ళీ మేం కూడా తిట్టడమెందుకులే అనుకున్నాం."

ఊళ్ళో జనం గుమస్తాను తిట్టని తిట్టు లేదు. తన వీధివాళ్ళు మాత్రం తన మీద జాలిపడి నోరు మెదపలేదు. ఆ జాలికి దణ్ణం పెట్టాలో, తల గోడకేసి కొట్టుకోవాలో తోచలేదు. కొత్త నిబంధన సంగతీ, పైపు సంగతీ ఆవిడకు విడమరిచి చెప్పాడు.

"ఇవాళ ఆఫీసు మూసేలోపు వచ్చి రాసివ్వండక్కా. నాకేం మాట రాదు."

ఆవిడ కుట్టుపని పక్కన పెట్టింది. ఇప్పుడే నలుగురినీ పోగేసి, వెంటబెట్టుకుని వస్తానంది. అన్నదంటే చేసే మనిషే. గుమస్తాకు చాలా రోజుల తర్వాత ఆకలి వేసింది.

ఇంట్లోకి వెళ్ళేసరికి భార్య గోడ పట్టుకుని నిలబడి ఉంది. రెండు క్యాన్లు నింపిందట, ఎత్తబోతే నడుము పట్టేసిందట, వాటిని పంపు దగ్గరే వదిలేసి వచ్చిందట. అదేదో తన తప్పయినట్టు చెప్పింది. ఆ మొహం చూడగానే ఆయనకు తన మీద తనకే ఒళ్ళు మండింది. ఈ ఇంట్లోకి దిగినప్పటి నుంచీ ఒక్క క్యాను కూడా ఆయన ఏనాడూ మోసిన పాపాన పోలేదు. దాహమేసినప్పుడు నీళ్ళుండేవి, తాగేవాడు.

"నువ్వు నడుం వాల్చు. నేను తెస్తాను," అన్నాడు.

"మీరా?" అందావిడ. వెటకారమేం లేదు, నిజంగానే అడిగింది.

ఒక క్యాను భుజానికెత్తుకుని, ఇంకోటి చేత్తో పట్టుకుని, చొక్కా తడుపుకుంటూ, రొప్పుతూ వీధి పొడుగునా నడిచాడు. దారిలో ఎవరున్నారో తలెత్తి చూసే ఓపిక కూడా లేకపోయింది. అయినా ఆ కాసేపూ ఆయన మనసు తేలిగ్గానే ఉంది. నీళ్ళు దింపి, నాలుగు మెతుకులు నోట్లో వేసుకుని ఆఫీసుకు పరిగెత్తాడు.

కౌంటరు దగ్గర కూర్చుని తలుపు వంకే చూశాడు. దీపం వెలగలేదని ఒకాయన వచ్చి అరిచి పోయాడు. చెత్తబండి రాలేదని ఇద్దరు వచ్చి ఒకళ్ళ మాటకొకళ్ళు అడ్డొస్తూ పోట్లాడారు. తన వీధి నుంచి మాత్రం పురుగు కూడా రాలేదు. అటెండరు కిటికీలు మూసేదాకా ఎదురుచూశాడు. పెద్దసారు పట్టిక మీద సంతకం పెడుతూ, మీ వీధే ఊరికి ఆదర్శమయ్యా అని మెచ్చుకున్నారు. గుమస్తా చిత్తమని తలూపాడు.

ఇంటికొస్తూ దర్జీ అక్క గుమ్మం ముందు ఆగాడు. కోప్పడే ఓపిక లేక, ఎందుకు రాలేదని మాత్రం అడిగాడు.

"బయల్దేరాం తమ్ముడూ. అందరం చెప్పులేసుకుని వీధిలోకొచ్చాం కూడా. తీరా చూస్తే నువ్వే నీళ్ళు మోసుకుంటూ పోతున్నావ్. ఆ ఆఫీసులో కూర్చునే మనిషికే దిక్కు లేకపోతే, ఇక మా కాగితాలు చూసేదెవరని వెనక్కొచ్చేశాం."